పాస్‌వర్డ్ ఫైలు గురించి కొండల్ రెండోసారి చెప్పిన మాట

నా పేరు దాసరి కొండల్. తండ్రి పేరు రామలింగయ్య, ఇప్పుడు లేరు. వయసు 53 ఏళ్లు. వృత్తి ఆన్‌లైన్ సెంటర్‌లో ఆపరేటర్. నివాసం ధూల్‌పేట్, విగ్రహాల షెడ్ల వెనక గల్లీ. చదువు పదో తరగతి, తెలుగు, ఇంగ్లిష్ టైపింగ్ హయ్యర్. ఈరోజు 2025 నవంబరు 20, గురువారం. మధ్యాహ్నం 2 గంటల 50 నిమిషాలకు ఎవరూ పిలవకుండా నా అంతట నేనే స్టేషన్‌కు వచ్చి ఎస్సై గారి ముందు ఈ మాటలు చెబుతున్నాను.

ఇది నేను ఇస్తున్న రెండో వాంగ్మూలం. మొదటిది ఈ నెల 18న ఇక్కడే ఇచ్చాను. అందులో నాతో పాటు పనిచేసే కాషిఫ్ అనే అబ్బాయి మీద ఫిర్యాదు చేశాను. వహీదా అనే ఆమె పాస్‌వర్డును అతను కావాలని మార్చి దాచిపెట్టాడని, ఆమెకు వచ్చిన టీచర్ ట్రైనింగ్ సీటు పోగొట్టాలని చూశాడని చెప్పాను. ఆ సీటు తనకు కావాలని వహీదా ఆన్‌లైన్‌లో ఒప్పుకోవడానికి ఈరోజు సాయంత్రం ఐదు గంటల వరకే గడువు. ఐదు దాటితే సీటు జాబితాలో తర్వాతి వాళ్లకు పోతుంది. అందుకే తొందరగా రాసుకోమని కోరాను. అడ్డదిడ్డంగా చెబితే పనికి రాదు, మొదటి నుంచి వరుసగా చెప్పమని ఎస్సై గారు అన్నారు. చెబుతున్నాను.

నేను పద్నాలుగేళ్లుగా పురానాపూల్‌లో జుల్ఫికర్ భాయ్ ఆన్‌లైన్ సెంటర్‌లో పని చేస్తున్నాను. సెంటర్‌లో కంప్యూటర్లు రెండు. పాన్ కార్డు, పాస్‌పోర్టు, స్కాలర్‌షిప్, అడ్మిషన్, ఏ ఫారమైనా నింపుతాము. మా దగ్గరికి వచ్చేవాళ్లలో సగం మందికి మెయిల్ ఉండదు. మేమే చేసిస్తాము. పాస్‌వర్డు మేమే పెడతాము. చీటీ మీద రాసిస్తే తీసుకోరు. "ఇంట్ల పెడితే పోతది అన్నా, నీ తాననే ఉండనీ" అంటారు. ముస్లిం ఆడవాళ్లు దాన్ని అమానత్ అంటారు. అంటే నమ్మి మన చేతికి అప్పగించిన వస్తువు. అడిగిన రోజు ఎట్లా ఇచ్చారో అట్లాగే తిరిగి ఇవ్వాలి.

ఆ పాస్‌వర్డులన్నీ ఒకే ఫైలులో ఉంటాయి. ఫైలు నా కంప్యూటర్‌లో ఉంటుంది. రెండో కంప్యూటర్ నుంచి కూడా వైరు మీద దాన్ని తెరవవచ్చు. ఆ ఫైలును తెరవడానికి ఒక ప్రోగ్రాం కావాలి, తెరిచేటప్పుడు ఒక పెద్ద పాస్‌వర్డు కొట్టాలి. తొమ్మిదేళ్లు నేను ఒకే ప్రోగ్రాం వాడాను. అందులో మనుషులను పేర్లతో కాకుండా నాకు గుర్తుండేటట్టు రాసుకున్నాను. "జూ పార్కు టికెట్లాయన రెండో బిడ్డ". "గడప దాటి రాని అమ్మ". "నల్ల దారం వహీదా". మనిషి మొహం చూస్తే చాలు, ఫైలులో ఎక్కడుందో నా చేతికి తెలిసిపోతుంది. తొమ్మిదేళ్లలో ఒక్కరి పాస్‌వర్డు పోలేదు. ఈ మాట తప్పకుండా రాయమని అడిగాను. ఎస్సై గారు రాశారు.

కాషిఫ్ ఈ ఏడాది జూలైలో చేరాడు. వయసు 25. బహదూర్‌పురా వాడు. పని వచ్చినవాడే, అది నేను కాదనను. కానీ చేరిన మూడో వారానికే జుల్ఫికర్ భాయ్ పెద్ద పాస్‌వర్డు అతనికి చెప్పేశారు. నన్ను ఒక్క మాట అడగలేదు. నాకూ ఆయనకూ తప్ప మూడో మనిషికి తెలియని మాట అది. నాకు కడుపు మండింది. ఆ రోజు నుంచి కాషిఫ్ ఏం చేస్తున్నాడో ఒక కంట కనిపెడుతూనే ఉన్నాను.

కనిపెట్టినవి ఒక చిన్న నోటుబుక్కులో రాసుకున్నాను. ఆగస్టు 11న సాయంత్రం 4.15కి తెర గోడవైపు తిప్పాడు. అడిగితే వాకిట్లోంచి ఎండ పడుతుందన్నాడు. ఎండ పడేది నిజమే. అయినా రాసుకున్నాను. ఆగస్టు 29న ఫోన్ బోర్లా పెట్టాడు. సెప్టెంబరు 12న నమాజు నుంచి అందరికన్నా ఎనిమిది నిమిషాలు ఆలస్యంగా వచ్చాడు. ఎస్సై గారు నోటుబుక్కు చూపించమంటే ఇచ్చాను. ఇందులో నేరం ఏముంది అని అడిగారు. అప్పుడు నాకు అన్నీ నేరాల్లాగే కనిపించాయి.

అక్టోబరు 24, శుక్రవారం. నేను మా ఇంటావిడను కళ్ల డాక్టరుకు చూపించి మధ్యాహ్నం 2.20కి సెంటర్‌కు వచ్చాను. నా కంప్యూటర్ తెర మీద తెలియని బొమ్మ ఒకటి ఉంది. కాషిఫ్ నా కుర్చీలోనే కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేచాడు.

"అన్నా, పాస్‌వర్డుల ప్రోగ్రాం మార్చిన. పాతదాంట్ల అక్షరాలు మరీ సన్నగున్నయి, కండ్లు నొస్తున్నయని మీరే అన్నరు గదా. కొత్తది గదే ఫైలును తెరుస్తది. పెట్టె గదే, మూత మారింది గంతే" అన్నాడు.

"నన్ను అడగకుండ నా కంప్యూటర్ల చెయ్యి ఎట్ల పెడ్తివిరా?" అన్నాను.

"భాయ్‌ని అడిగిన అన్నా."

జుల్ఫికర్ భాయ్ గల్లా దగ్గర నుంచే అన్నారు. "కొండల్, లొల్లి చెయ్యకు. పోరడు మంచికే చేసిండు. ఇగ ఇద్దరు కొత్తదే వాడుండ్రి. రెండు పెట్టుకుంటే పరేషాన్ అయితది. పాతది తీసెయ్."

నాకు నమ్మకం కుదరలేదు. మొదట ఇంటర్నెట్ వైరు పీకేశాను. పీకిన తర్వాతనే కొత్త ప్రోగ్రాంలో పెద్ద పాస్‌వర్డు కొట్టాను. ఎక్కడికైనా పంపుతుందేమోనని నా భయం. ఫైలు తెరుచుకుంది. పాతదాంట్లో 1,146 మంది ఉండాలి. కొత్తదాంట్లోనూ 1,146 మందే ఉన్నారు. నేను రాసుకున్న గుర్తులు అట్లాగే ఉన్నాయి. సాయంత్రం దాకా ఒక్కొక్కటి తెరిచి చూశాను. ఒక్కటి తక్కువున్నా బాగుండు అనిపించింది. ఏదీ తక్కువ లేదు.

అందరి ముందు పాత ప్రోగ్రాం బొమ్మను తెర మీది నుంచి తీసేశాను. కానీ ప్రోగ్రామును తీయలేదు. దాన్ని "దేవుని ఫోటోలు" అని ఒక ఫోల్డరు చేసి అందులో పెట్టుకున్నాను. ఆ ఫోల్డరును కాషిఫ్ తెరవడని నాకు తెలుసు. మరునాటి నుంచి రోజూ పొద్దున 9.40కి వచ్చి, ఎవరూ రాకముందే పాతదాంట్లో ఫైలు తెరిచేవాణ్ణి. దాని ముందు కొత్తది తెరిచి పెట్టేవాణ్ణి, చూసేవాళ్ల కోసం. పనంతా వెనక ఉన్న పాతదాంట్లోనే చేసేవాణ్ణి. కాషిఫ్ తన కంప్యూటర్‌లో కొత్తదాంట్లో చేసేవాడు. ఫైలు మాత్రం ఇద్దరిదీ ఒక్కటే.

అక్టోబరు 28, మంగళవారం పొద్దున 11 గంటలకు కాషిఫ్ వచ్చి అడిగాడు.

"అన్నా, నిన్న ఇద్దరివి కొత్తగ ఎక్కించిన. ఇయ్యాల కనబడ్తలేవు. మీరేమన్న పాతదాంట్ల తెరిచిన్రా?"

"పాతది ఏడుందిరా? నీ ముందటనే తీసేస్తి గదా. నీ కొత్తదాని గుణమే గట్లుంది" అన్నాను.

అతను తన కంప్యూటర్ దగ్గరికి వెళ్లిపోయాడు. ఆ ఇద్దరి కాగితాలు ఇంకా ఉన్నాయి కాబట్టి మళ్లీ ఎక్కించుకున్నాడు. నవంబరు 1, శనివారం కూడా ఇట్లాగే ఒకరిది పోయింది. ఈసారి జుల్ఫికర్ భాయ్ విన్నారు. "ఏంది కాషిఫ్ గిది? కొండల్ ఉన్నప్పుడు గిట్ల ఎన్నడన్న అయిందా?" అని గట్టిగా అన్నారు. కాషిఫ్ తల దించుకున్నాడు. నాకు సంతోషమైంది. ఉన్న మాట చెబుతున్నాను, మస్తు సంతోషమైంది. ఆ రోజు టిఫిన్ బాక్సు మొత్తం తిన్నాను.

నవంబరు 6, గురువారం. పొద్దున 11.15కి వహీదా వచ్చింది. ఆమెకు 36 ఏళ్లు ఉంటాయి. బహదూర్‌పురాలో బుర్ఖాలు కుడుతుంది. ఎప్పుడు వచ్చినా చేతి మీద నల్ల దారపు ముక్కలు అంటుకుని ఉంటాయి, అందుకే ఫైలులో ఆ గుర్తు పెట్టాను. పెళ్లై పిల్లలు పెద్దయ్యాక ఓపెన్ స్కూల్లో పది పాసైంది, తర్వాత ఇంటర్ పాసైంది. ఉర్దూ మీడియం టీచరు కావాలని ఆమె కోరిక. నాలుగేళ్ల నుంచి ఆమె ఫారాలన్నీ నేనే నింపాను. ఆ రోజు ఏయే కాలేజీలు కావాలో ఆన్‌లైన్‌లో పెట్టడానికి వచ్చింది. నేను ఒక ముసలాయన పాస్‌పోర్టు పనిలో ఉన్నాను. కాషిఫ్ ఆమెను తన దగ్గర కూర్చోబెట్టుకున్నాడు.

ఆ వెబ్‌సైటు పాత పాస్‌వర్డు ఒప్పుకోలేదు. మార్చమంది. నేను ఆమెకు పుట్టిన తేదీ పాస్‌వర్డుగా పెట్టి ఉంచాను. కాషిఫ్ కొత్త ప్రోగ్రాంతో ఒక పాస్‌వర్డు తయారు చేయించాడు. ఇరవై అక్షరాలు, అంకెలు, చుక్కలు, గీతలు. నేను నా కుర్చీలోంచే అన్నాను.

"గది ఎవనికి యాదుంటదిరా?"

"మనకు యాదుండే పని లేదన్నా. ఫైలుకు యాదుంటది" అన్నాడు.

11.40కి దాన్ని ఫైలులో సేవ్ చేశాడు. తర్వాత ఆమె మెయిల్‌కు కూడా అట్లాంటిదే పెట్టి, 11.48కి ఇంకోసారి సేవ్ చేశాడు. ఈ టైములు నా నోటుబుక్కులో ఉన్నాయి. 12.05కి వహీదా వెళ్లిపోతూ నా టేబుల్ దగ్గర ఆగింది. ఆ సమయంలో నేను ముసలాయన పాస్‌వర్డు ఫైలులో సేవ్ చేస్తున్నాను.

"కొండల్ అన్నా, మీ తాననే చేయించుకుంటుంటి. మీరు పనిల ఉన్నరని గీ భాయ్ తాన కూసున్న. ఏమనుకోకుండ్రి" అన్నది.

"ఏం ఫికర్ చెయ్యకమ్మా. ఎవరు కొట్టినా ఫైలు నా తాననే ఉంటది" అన్నాను.

ఆమె సలాం చెప్పి వెళ్లింది.

నవంబరు 18, మంగళవారం. పొద్దున 10.50కి వహీదా వచ్చింది. వెంట ఆమె తమ్ముడు అస్లాం వచ్చాడు, ఆటో నడుపుతాడు. సీటు వచ్చినట్టు ముందురోజు జాబితా పెట్టారు. వహీదా లోపలికి వస్తూనే "సీటు వచ్చింది అన్నా" అని మూడుసార్లు అన్నది. నేను ఫైలు తెరిచాను. ఆమె పేరు మీద పుట్టిన తేదీ పాస్‌వర్డే ఉంది. కొట్టాను. తప్పు అని వచ్చింది. మెయిల్ తెరుద్దామంటే దానిదీ పాతదే ఉంది. అదీ తప్పు అని వచ్చింది. మెయిల్‌కు ఇచ్చిన ఫోన్ నంబరు ఎప్పుడో రీచార్జి లేక బందైంది. హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేస్తే కొత్త పాస్‌వర్డు మెయిల్‌కే వస్తుందని, నంబరు మార్చాలంటే వారం పడుతుందని చెప్పారు.

కాషిఫ్ లేచి వచ్చాడు. మొహం తెల్లబోయి ఉంది. "నేను ఆరో తారీఖునాడు సేవ్ చేసిన అన్నా. రెండుసార్లు సేవ్ చేసిన. రెండు నిమిషాలు జరుగుండ్రి, నేను లోపల చూస్త" అన్నాడు.

నేను జరగలేదు. కుర్చీలోంచి లేచి అతనికీ కంప్యూటర్‌కూ మధ్య నిలబడ్డాను. "ముట్టనియ్యకుండ్రి. ఉన్న సాక్ష్యం తుడిచేస్తడు" అని గట్టిగా అన్నాను. అస్లాం వచ్చి నా పక్కన నిలబడ్డాడు.

అప్పుడు ఇంకో మాట అన్నాను. "వీని చెల్లె ఫిర్దౌస్ కూడ గదే సీటుకు పెట్టింది. ఆమె పేరు కూడ జాబితల ఉంది. గీమె పోతే ఎవరికొస్తది? మీరే ఆలోచించుండ్రి" అన్నాను.

అస్లాం కాషిఫ్ కాలరు పట్టుకున్నాడు. జుల్ఫికర్ భాయ్ విడిపించారు. కాషిఫ్ "వల్లా, నాకు తెల్వదు" అని దేవుని మీద ఒట్టేసి అంటూనే ఉన్నాడు. వహీదా బల్ల అంచు పట్టుకుని నా వైపు చూసింది.

"అన్నా, నాకు కంప్యూటర్ సంగతి తెల్వదు. మీరు చెప్పుండ్రి. మీరు ఏది చెప్తే గది నమ్ముత" అన్నది.

నేను కాషిఫ్ వైపు వేలు చూపించి "వీడే" అన్నాను.

జుల్ఫికర్ భాయ్ బయటికి పోకుండా మనలో మనమే మాట్లాడుకుందామన్నారు. నేనే పోలీసు దగ్గరికి పోదామని పట్టుబట్టాను. సాయంత్రం 4 గంటలకు ఫిర్యాదు ఇచ్చాను. 5.30కి కానిస్టేబుళ్లు వచ్చి రెండు కంప్యూటర్ల సీపీయూలు తీసుకుని గుడ్డలో కట్టి సీలు వేశారు. కాషిఫ్‌ను రోజూ పొద్దున స్టేషన్‌కు వచ్చి సాయంత్రం దాకా కూర్చోమన్నారు. నేను ఇంటికి పోయి అన్నం తిన్నాను. అన్నం సహించిందా అని ఎస్సై గారు అడిగారు. సహించింది. అదే ఇప్పుడు నాకు వింతగా ఉంది.

ఈరోజు పొద్దున 11.20కి ఫిర్యాదు కాగితం మీద ఒక సంతకం తక్కువుందని నన్ను స్టేషన్‌కు పిలిచారు. సంతకం చేసి బయటికి వస్తుంటే హాల్లో బెంచీ మీద కాషిఫ్ ఉన్నాడు. గడ్డం గీసుకోలేదు. నన్ను చూసి లేచి నిలబడ్డాడు. తిడతాడనుకున్నాను.

"అన్నా, ఒక్క మాట అడుగుత, కోపం చెయ్యకుండ్రి" అన్నాడు. "ఆరో తారీఖునాడు మీరు పాతదాంట్ల సేవ్ కొట్టిన్రా? కొట్టుంటే మంచిదే అన్నా, పాస్‌వర్డ్ దొరుకుతది. ఒకటో తారీఖునాడు ఒకామెది పోయింది గదా, అప్పటిసంది నేను కొత్తదాంట్ల ఒకటి పెట్టిన. సేవ్ కొట్టినప్పుడల్ల, అంతకు ముందున్న ఫైలును టైం ఏసి ఇంకో ఫోల్డర్ల దాస్తది. ఆరో తారీఖు 11.48ది ఉంటది. గండ్ల వహీదా ఆపా సీటు పాస్‌వర్డ్ ఉంటది. సార్‌కు చెప్పిన. నా మాట మీద సీలు తియ్యం అంటున్నరు. కేసు పెట్టినోళ్లు చెప్పాలెనట. మీరు ఒక్క మాట చెప్తే సాయంత్రం లోపట అయిపోతది."

అతను నన్ను తప్పు పట్టలేదు. పట్టి ఉంటే నాకు సులువుగా ఉండేది. నేను అతని మొహం చూడకుండా "నేను పాతది ముట్టనే లేదు" అన్నాను.

"మంచిది అన్నా" అని మళ్లీ కూర్చున్నాడు.

బయటికి వచ్చాను. స్టేషన్ మెట్ల మీద వహీదా కూర్చుని ఉంది. పక్కన ప్లాస్టిక్ కవరులో సర్టిఫికెట్లు ఉన్నాయి. ఒళ్లో ఒక బుర్ఖా చేతి గుడ్డ పెట్టుకుని అంచు కుడుతోంది. ఈ రోజే ఇవ్వాల్సిన పని అట.

"ఇంటికి పోరాదమ్మా" అన్నాను.

"ఐదు దాక టైముంది గదా అన్నా. తాళం ఎప్పుడు తీస్తరో ఏమో, నేను ఈడనే కూసుంట" అన్నది. తర్వాత అన్నది, "ఆ పోరనికి కూడ చెల్లె ఉంది గదా, ఎందుకు చేసిండో. మీరు చెప్పినంక కూడ నా దిల్ ఒప్పుకుంటలేదు అన్నా. మాఫ్ చెయ్యుండ్రి."

నన్నే మాఫ్ చెయ్యమన్నది.

రోడ్డు అవతల ఆగి ఉన్న ఒక స్కూటర్ మీద కూర్చున్నాను. ఎంతసేపు కూర్చున్నానో తెలియదు, స్కూటరాయన వచ్చి లేపాడు. కూర్చున్నప్పుడు నోటుబుక్కు తీసి నవంబరు 6 పేజీ చూశాను. 11.40కి కాషిఫ్ సేవ్ చేశాడని ఉంది. 11.48కి మళ్లీ చేశాడని ఉంది. 12.10కి నీళ్లు తాగడానికి లేచాడని కూడా ఉంది. 12.05కి నేనేం చేశానో లేదు. నాలుగు నెలల నోటుబుక్కులో నేను చేసినది ఒక్కటీ రాసుకోలేదు.

12.05కి నేనేం చేశానో ఇప్పుడు చెబుతున్నాను.

పాత ప్రోగ్రాంలో ముసలాయన పాస్‌వర్డు ఎక్కించి సేవ్ కొట్టాను. అప్పుడు ఒక చిన్న కిటికీ తెరుచుకుంది. మీరు ఫైలు తెరిచిన తర్వాత దాన్ని ఇంకెవరో మార్చారు అని దాని అర్థం. కింద మూడు బటన్లు ఉంటాయి. మొదటిది నొక్కితే వాళ్లు రాసినదీ మనం రాసినదీ కలిసిపోతాయి. రెండోది నొక్కితే వాళ్లు రాసినది పోయి మనది మాత్రం ఉంటుంది. మూడోది నొక్కితే సేవ్ కాదు. నేను రెండోది నొక్కాను. వహీదా ఎదురుగా నిలబడి నాతో మాట్లాడుతున్నప్పుడే నొక్కాను. ఫైలు నా తాననే ఉంటది అని ఆమెతో అంటూ నొక్కాను.

పొరపాటున నొక్కావని రాయమంటావా అని ఎస్సై గారు అడిగారు. వద్దన్నాను. అక్టోబరు 25న మొదటిసారి నొక్కినప్పుడు పొరపాటే. ఏమవుతుందో పూర్తిగా తెలియదు. కాషిఫ్ చేసింది నా ఫైలులో కలవకూడదు అన్నదొక్కటే తెలుసు. 28న అతను పెట్టినవి పోయాయని వచ్చి చెప్పినప్పుడు, ఎందుకు పోయాయో నాకు అర్థమైంది. తర్వాత కూడా రోజూ అదే నొక్కాను. అతనికి మాట రావాలని నొక్కాను. ఎవరి పాస్‌వర్డు పోతుందో చూసుకోలేదు. పోయినా వాడు మళ్లీ ఎక్కించుకుంటాడులే అనుకున్నాను. నల్ల దారం వహీదాది పోతుందని మాత్రం అనుకోలేదు.

18న ఆమె పేరు మీద పాత పాస్‌వర్డు కనిపించిన నిమిషంలోనే ఏం జరిగిందో నాకు తెలిసిపోయింది. కాషిఫ్‌ను కంప్యూటర్ ముట్టనివ్వనిది సాక్ష్యం తుడుస్తాడని కాదు. "దేవుని ఫోటోలు" ఫోల్డరు కనిపెడతాడని. పోలీసు దగ్గరికి పోదామని పట్టుబట్టింది కూడా అందుకే. ముందు ఎవరు పోతే వాళ్ల మాట నిలబడుతుందని అనుకున్నాను. పద్నాలుగేళ్లుగా పురానాపూల్ నుంచి బహదూర్‌పురా దాకా కొండలన్న చేతిలో పెడితే పోదు అంటారు. ఆ పేరు పోతుందని భయపడ్డాను. సిగ్గుగా ఉంది.

ఫిర్దౌస్ సంగతి కూడా రాయమని కోరాను. ఆ అమ్మాయి జాబితాలో ఉన్న మాట నిజం. కానీ ఆమె ర్యాంకు వహీదా కన్నా రెండు వందల పైన వెనక ఉంది. వహీదా సీటు వదిలినా అది ఫిర్దౌస్‌కు రాదు. ఈ సంగతి నాకు 18వ తేదీనాడే తెలుసు. ఆమె ర్యాంకు కార్డు ప్రింటు తీసిచ్చింది నేనే.

ఇప్పుడు ఇంత తెలిసి పొద్దున్నే ఎందుకు చెప్పలేదని ఎస్సై గారు అడిగారు. వహీదా మాఫ్ చెయ్యమన్న తర్వాత ఇక ఇంటికి పోలేకపోయాను. అంతే తెలుసు.

నా మీద ఏ కేసు పెట్టినా నాకు అభ్యంతరం లేదు. కాషిఫ్ మీద నేను ఇచ్చిన ఫిర్యాదు అబద్ధం, దాన్ని వెనక్కి తీసుకుంటున్నాను. సీలు తీయాలంటే ఫిర్యాదుదారు మాట కావాలని అన్నారు. ఇదే ఆ మాట. సీలు తీసినప్పుడు కంప్యూటర్ ముందు కాషిఫ్‌ను కూర్చోబెట్టండి. ఏ ఫోల్డరో అతనికే తెలుసు. నన్ను ఆ కుర్చీ దగ్గరికి రానివ్వకండి.

వహీదా ఇంకా మెట్ల మీదే ఉంది. ఆమెను లోపలికి పిలిపించండి. కాషిఫ్ పేరు నా నోటి నుంచే విని నమ్మింది. ఇది కూడా నా నోటి నుంచే వినాలి.

పైన ఉన్నవన్నీ నేను చెప్పిన మాటలే, అన్నీ నిజాలు. ఎవరూ బెదిరించలేదు, ఎవరూ నేర్పలేదు. పద్ధతి ప్రకారం మొత్తం చదివి వినిపించిన తర్వాతనే సంతకం పెట్టాలని ఎస్సై గారు అన్నారు. చదవడానికి పావుగంట పడుతుంది. వినకుండానే పెడతాను, ఆ పావుగంట వహీదాకు ఇవ్వమని వేడుకుని సంతకం చేస్తున్నాను.

(సంతకం) దాసరి కొండల్
20-11-2025, సాయంత్రం 4 గంటల 21 నిమిషాలు